కోనమిట్టలో తొంభై నాలుగు

పాల వ్యాను తోలేవాణ్ణి, నాకు తెలిసింది దారి.
నాలుక్కి బయల్దేరితే ఏడు పల్లెలు, పద్నాలుగు క్యాన్లు,
నడుమ ఒక వంక, దాని మీద మోకాలెత్తు కాజ్‌వే.
ఏడుకల్లా చిత్తూరు డెయిరీలో దించాల.
ఇదే నా చదువు.

మా హైస్కూలు మిద్దె మీద ఆ మధ్య తెల్ల డబ్బా ఒకటి పెట్టినారు.
పైన మూడు గిన్నెలు గాలికి గిరగిరా.
పక్కన గరాటు, గరాటు కింద బుల్లి తూగుడుబల్ల.
రవ్వంత నీళ్లు నిండితే ఇటు వంగుతాది,
మళ్లీ నిండితే అటు.
ఎన్నిసార్లు తలాడిస్తే అంత వానంట.
"మా మామ మాదిరి," అన్నాను, "అన్నిటికీ తలాడిస్తాడు."
తొమ్మిదో తరగతి తబస్సుమ్ నవ్వలేదు.
నోటుబుక్కులో ఏదో రాసుకునింది.

వాన సంగతి మా అమ్మనడగాల.
పెరట్లో రోలు చూసి చెప్తాది:
అర రోలు వాన, రోలు వాన, రోలు పొర్లిన వాన.
ఈ పాటి లెక్కకు కరెంటు పలకలెందుకు?

చిత్త కార్తెలో ఒకనాడు ఫోను:
"అన్నా, వంక దాటొద్దు. పైన కొండలో వాన."
ఆగినా.
ఎండెక్కింది. వంక రాలే.
పద్నాలుగు క్యాన్లు విరిగినాయి,
పల్లె పల్లెకూ పోయి మాటలు పడినా.
సాయంత్రం ఆ పిల్లే ఎదురొచ్చింది.
సాకు చెప్పలే. నోటుబుక్కు తెరిచి చూపించింది:
"నా అంచనా తప్పు. కోనమిట్టలో ముప్పై ఒకటి.
నేల ఎండి ఉండాది, తాగేసింది."
తప్పుకు కూడా తేదీ వేసుకునే మనిషిని
అదే మొదలు చూడడం.

ఇంకోనాడు వాన దంచి కొట్టింది.
డబ్బా మాత్రం సున్నా అనింది.
నిచ్చెనేసి ఎక్కితే గరాట్లో వేపాకు,
ఆకు కింద బుడ్డ కప్ప.
"సున్నా అంటే వాన లేదనే కాదన్నా,
చూసే కన్ను మూసుకుపోయిందని కూడా."
ఆ మాట నా పక్క సీట్లో కూర్చుని
చానా దూరం వచ్చింది.

విశాఖ కార్తె.
ఆకాశం నిండా చుక్కలు.
అద్దం మీద మంచు తప్ప తడి లేదు.
వంకలో ఇసక తెల్లగా,
కుక్క ఒకటి తీరిగ్గా అడ్డంగా నడిచిపోయింది.
ఫోను.
వాన కార్తెల్లో తల కిందే పెట్టుకుని పడుకుంటాదంట ఆ పిల్ల.
"అన్నా, కోనమిట్ట బడి డబ్బాలో రెండు గంటల్లో తొంభై నాలుగు.
నేల మొన్నట్నించీ నానే ఉండాది.
నీళ్లు దిగేదానికి మూడు గంటలు. ఇప్పటికే రెండున్నరైంది."

వెనక పాలు. పైన చుక్కలు.
మా అమ్మ ముక్కు నా ముఖంలోంచి
వానే లేదు పో అంటా ఉండాది.
ఇంజను ఆపలే. క్లచ్చూ వదల్లే.
అవతలి గట్టున చామంతి గంపల బైకు దిగబోతుంటే
లైటు కొట్టి కొట్టి నిలిపినా.
వాడు మా అమ్మనీ నన్నూ కలిపి తిట్టడం మొదలుపెట్టినాడు.

ముందు చప్పుడు,
ఎండుగడ్డి మీద బస్తా ఈడ్చినట్టు.
తర్వాత బురద వాసన.
తర్వాత కాజ్‌వే లేదు.

తిట్టులో మిగతా సగం
ఆయప్ప నోట్లోనే ఉండిపోయింది.
మా ఊళ్లో చుక్క పడలే.

పాలు ఆ రోజూ విరిగినాయి.
ఎవరూ ఒక్క మాటనలే, గుర్రప్ప తప్ప.
ఆయన ఇప్పటికీ లెక్క అడగతానే ఉండాడు.

సోమవారాలు గరాటు తుడిచేది ఇప్పుడు నేనే.
మొన్న తబస్సుమ్ స్కేలు, చెంబు పట్టుకుని మా ఇంటికొచ్చింది.
రోట్లో నీళ్లు పోసి, తోడి, మళ్లీ పోసి,
"నోరు వెడల్పు, అడుగు సన్నం కదవ్వా,
డెబ్బై రెండుకే నిండిపోతాది మీ రోలు" అనింది.
అమ్మ రొంతసేపు నీళ్లకేసి చూసింది.
"అయితే ఆ పొద్దు కోనమిట్టలో
రోలు పొర్లిందన్నమాట."

తబస్సుమ్ అదీ రాసుకునింది,
తేదీ వేసి.